కుక్కకు చెప్పడం, కుక్క చెప్పింది వినడం: సమతుల్య శిక్షణ ఎలా మొదలుపెట్టాలి

"మా కుక్క మాట వినదు" అనే యజమానుల ఇళ్ళలో తరచుగా కనిపించేది మొండితనం కాదు. ఆ మాటకు అర్థమేమిటో కుక్కకు ఎవరూ సరిగ్గా నేర్పి ఉండరు; తెలియని మాటను పదిసార్లు గట్టిగా అన్నంత మాత్రాన అది తెలిసిపోదు. సమతుల్య శిక్షణ అని పిలిచే పద్ధతి మంచి పనికి ప్రతిఫలాన్నీ, తప్పు పనికి దిద్దుబాటునూ రెండింటినీ అంగీకరిస్తుంది. అయితే ఆ పేరు విని, సగం తాయిలం, సగం దండన అని తక్కెడలో తూచినట్టు అనుకోకూడదు. ఒక పని కుక్కకు పూర్తిగా వచ్చిన తరువాత మాత్రమే యజమానికి దిద్దుబాటు చేసే అర్హత కలుగుతుందనీ, ఆ అర్హతను వాడుకోవలసిన అవసరం చాలా అరుదుగా వస్తే శిక్షణ సరిగ్గా సాగుతున్నట్టేననీ నా అభిప్రాయం. కింద చెప్పిన క్రమం అంతా ఆ అభిప్రాయం మీదనే నడుస్తుంది కనుక, దిద్దుబాటు గురించిన భాగం కోసం తొందరపడి ముందుకు వెళ్ళకుండా వరుసగా చదవండి.

మొదటి వారం: నేర్పకండి, చూడండి

మొదటి ఏడు రోజులు ఏ ఆజ్ఞా నేర్పవద్దు. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, కుక్క శరీరం ఏ సందర్భంలో ఎలా మారుతున్నదో రోజుకు నాలుగైదు సార్లు రాసుకోండి. తోక, చెవులు, కళ్ళు, మూతి, ఒంటి బరువు ముందుకు మొగ్గి ఉందా వెనక్కు వాలి ఉందా అన్నవి గమనించండి. తినేది ఏదీ లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర వేళ కాకపోయినా ఆవులించడం, తల పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించేటట్టు ఓరగా చూడడం, తడవకపోయినా ఒళ్ళు విదిలించుకోవడం తరచుగా కుక్క ఇబ్బందిలో ఉందని తెలిపే సంకేతాలు. ఒక్కొక్కటి విడిగా పెద్ద అర్థం ఇవ్వకపోవచ్చు గాని, రెండు మూడు కలిసి వస్తే మీరు చేస్తున్న పనిని ఆపి చూడండి. వీటన్నింటి కంటే తీవ్రమైనది ఉన్నట్టుండి బిగుసుకుపోవడం. కరిచే ముందు చాలా కుక్కలు ఒక క్షణం అలాగే నిశ్చలంగా నిలిచిపోతాయి.

తోక ఊపితే సంతోషమే అనుకోవడం కూడా పొరపాటు. 2007లో ఇటలీ పరిశోధకులు ప్రకటించిన ఫలితాల ప్రకారం, యజమానిని చూసినప్పుడు కుక్కల తోక కుడివైపుకు ఎక్కువగానూ, పరిచయం లేని బలమైన కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగానూ ఊగింది. ఇంట్లో మీరు ఆ కొలతలు తీయనక్కరలేదు. వదులుగా, నడుముతో సహా ఊగే తోకకూ, పైకి నిటారుగా నిలిచి కొనమాత్రమే వేగంగా కదిలే తోకకూ ఉన్న తేడా కంటికి ఆనితే చాలు.

యజమానులను ఎక్కువగా తప్పుదారి పట్టించేది కుక్క ముఖంలోని "తప్పు చేశాను" అన్న చూపు. అలెగ్జాండ్రా హొరోవిట్స్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన ప్రయోగంలో, వద్దన్న తాయిలాన్ని కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదానితో ఆ చూపుకు సంబంధం కనిపించలేదు. యజమాని గద్దించినప్పుడు మాత్రం అది ఎక్కువైంది. అంటే మీరు చూస్తున్నది మీ కోపానికి ప్రతిస్పందనే తప్ప పశ్చాత్తాపం కాదు. రెండు గంటల క్రితం చింపిన దిండును ముక్కు ముందు పెట్టి తిట్టడం వల్ల, మీరు ఇంటికి రావడం ప్రమాదకరమని తప్ప కుక్క ఇంకేమీ నేర్చుకోదు.

గుర్రుమనడాన్ని ఎప్పుడూ దండించవద్దు. అది కుక్క మీకు ఇచ్చే హెచ్చరిక, ఒక విధంగా మర్యాద కూడా. గుర్రుమన్నందుకు దెబ్బ తిన్న కుక్క భయపడడం మానదు, హెచ్చరించడం మాత్రం మానుతుంది. తరువాత ఒకనాడు ఏ సూచనా లేకుండా కరుస్తుంది. గుర్రు వినగానే వెనక్కు తగ్గి, కారణమేమిటో రాసుకుని, ఆ కారణం మీద తరువాత తీరికగా పనిచేయండి.

రెండవ మెట్టు: ఇంట్లో అందరికీ ఒకే పదపట్టిక

తెలుగు ఇళ్ళలో కుక్కకు ఎదురయ్యే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. "రా" అన్నది పిలుపు. అదే "రా" చనువు మాటగా ప్రతి వాక్యం చివరా వచ్చి చేరుతుంది. "కూర్చోరా", "ఏంట్రా", "పోరా", "తినరా" అని రోజంతా వింటున్న కుక్క చెవిలో, పరుగెత్తి దగ్గరకు రమ్మనే "రా" అర్థం లేని చప్పుడుగా మిగిలిపోతుంది. మా కుక్క పిలిస్తే రాకపోవడానికి ఇదే కారణమని తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది; తప్పు పూర్తిగా నాదే అయినా అన్నాళ్ళూ దాని మీదే విసుక్కున్నాను. చివరకు పిలుపును "దగ్గరికి" అని మార్చి, మళ్ళీ మొదటి నుంచి నేర్పవలసి వచ్చింది. అలాగే "వద్దు", "వదులు" అనే రెండు మాటలూ ఒకే ధ్వనితో మొదలవుతాయి కనుక, నోట్లో ఉన్నది విడిచిపెట్టమనడానికి "ఇచ్చెయ్" అనడం మేలు.

ఇంట్లో అందరూ కూర్చుని ఎనిమిది మాటలకు మించని పట్టిక ఒకటి రాసుకోండి. నేను సూచించేది ఇది: చేసిన పని సరైనదని చెప్పడానికి "భేష్", పొరపాటు పడ్డావు మళ్ళీ ప్రయత్నించు అనడానికి "ఊహూ", ఆ పని పూర్తిగా మానమనడానికి "వద్దు", పిలుపుకు "దగ్గరికి", నిలకడకు "ఆగు", విడుదలకు "పద", వీటికి తోడు "కూర్చో", "ఇచ్చెయ్". ఒకరు "కూర్చో" అనీ, ఇంకొకరు "కూర్చోమ్మా" అనీ, మూడోవారు "సిట్" అనీ అంటే కుక్కకు అవి మూడు వేర్వేరు శబ్దాలు. చనువు మాటలు మానుకోనక్కరలేదు. ముద్దు చేసేటప్పుడు ఎన్నయినా అనవచ్చు, ఆజ్ఞ ఇచ్చేటప్పుడు మాత్రం పట్టికలో ఉన్నదున్నట్టు పలకాలి.

మాట ఎంత ముఖ్యమో స్వరమూ అంత ముఖ్యం. హంగరీలో కుక్కలను స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకునేటట్టు తర్ఫీదు చేసి, 2016లో ప్రచురించిన పరిశోధనలో, మెచ్చుకోలు మాట మెచ్చుకునే స్వరంతో కలిసి వచ్చినప్పుడే మెదడులోని ప్రతిఫల కేంద్రాలు చురుకుగా స్పందించినట్టు తేలింది. "భేష్" అన్న మాటను విసుగుతో అంటే అది సగం చెల్లిన నాణెమే.

మూడవ మెట్టు: "భేష్" అన్న మాటకు విలువ తేవడం

జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన ఇవాన్ పావ్లోవ్, తిండికి ముందు పదేపదే వచ్చే సంకేతం వినగానే కుక్క నోట లాలాజలం ఊరడం గమనించాడు. మీరు చేయవలసింది అదే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, కుక్కను ఏ పనీ అడగకుండా, "భేష్" అని, ఆ వెంటనే చిన్న తాయిలం ఇవ్వండి. ఒక విడతకు పదిహేను సార్లు, రోజుకు రెండు విడతలు, రెండు మూడు రోజులు చేయండి. కుక్క వేరే వైపు చూస్తున్నప్పుడు "భేష్" అంటే తల గిరుక్కున మీ వైపు తిప్పితే ఆ మాటకు విలువ వచ్చినట్టే.

వరుస తప్పకూడదు: ముందు మాట, తరువాత చెయ్యి కదలాలి. చెయ్యి ముందు జేబులోకి వెళితే కుక్క మాటను వదిలి చేతిని చదువుతుంది. తాయిలం మీ చిటికెన వేలి గోరంత ఉంటే చాలు, రోజు మొత్తం మీద ఇచ్చే తాయిలాలు రోజువారీ ఆహారంలో పదోవంతుకు మించకూడదు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, చక్కెరకు బదులుగా వాడే జైలిటాల్ కలిపిన తీపి పదార్థాలు కుక్కలకు విషం.

ఇక్కడ సమయస్ఫూర్తి అంతా ఒక్క సెకనులో ఉంటుంది. కుక్క పిరుదులు నేలకు ఆనిన క్షణంలో "భేష్" అంటే అది కూర్చోవడానికి పడిన మార్కు. మూడు సెకన్లు ఆలస్యమైతే లేచి నిలబడడానికో, మీ మీదికి ఎగరడానికో పడిన మార్కు అవుతుంది. మీ సమయం ఎంత చురుకుగా ఉందో తెలుసుకోవాలంటే, ఇంట్లో ఒకరిని బంతి నేల మీదికి విసరమని, అది నేలను తాకిన క్షణంలోనే "భేష్" అనడం సాధన చేయండి. ఈ సాధన కుక్క లేకుండానే చేయవచ్చు, చేయాలి కూడా.

నాలుగవ మెట్టు: పని నేర్పడం, తరువాత పేరు పెట్టడం

ముందు పని రాబట్టి, అది నమ్మకంగా జరుగుతున్నప్పుడే దానికి మాట జోడించండి. తాయిలాన్ని ముక్కు ముందు నుంచి నెమ్మదిగా తల మీదుగా వెనక్కు జరిపితే చాలా కుక్కలు వాటంతట అవే కూర్చుంటాయి. "భేష్", తాయిలం. అయిదారు సార్ల తరువాత చేతిలో తాయిలం లేకుండా అదే కదలిక చేయండి, ప్రతిఫలం మాత్రం జేబులోనుంచి వస్తుంది. చేతి సైగకే పదింటిలో ఎనిమిది సార్లు కూర్చుంటున్నప్పుడు, సైగకు ఒక క్షణం ముందు "కూర్చో" అనండి. మాటా సైగా ఒకేసారి వస్తే కుక్క సైగనే పట్టుకుంటుంది. చాలా కుక్కలు మనిషి చేతి కదలికలను మాటల కంటే సులువుగా గ్రహిస్తాయి.

విడత మూడు నుంచి అయిదు నిమిషాలకు మించకూడదు. రోజుకు మూడు నాలుగు విడతలు చాలు. మాట ఒక్కసారే అనండి. "కూర్చో, కూర్చో, కూర్చో" అని అలవాటు చేస్తే, మూడోసారి అన్న తరువాతే పని మొదలుపెట్టాలని కుక్క నిశ్చయించుకుంటుంది.

అయిదవ మెట్టు: లీష్‌ను భాషగా మార్చడం

లీష్, అంటే కుక్క మెడపట్టీకి తగిలించి మనం పట్టుకునే తాడు, లాగుడు పోటీకి కాదు. ఇంటి లోపల, ఏ ఆకర్షణా లేని చోట, లీష్‌ను ఒక పక్కకు నెమ్మదిగా, రెండు వేళ్ళ బలంతో బిగించి అలాగే ఉంచండి, లాగవద్దు, కుదపవద్దు. కుక్క ఆ వైపుకు ఒక్క అడుగు వేసినా, తల వంచినా సరే, ఆ క్షణంలోనే లీష్‌ను వదులు చేసి "భేష్" అని తాయిలం ఇవ్వండి. ఒత్తిడికి లొంగితే ఒత్తిడి పోతుందన్న సంగతి కుక్కకు ఇలా తెలుస్తుంది. ఈ పాఠం నేర్వని కుక్క ఒత్తిడి తగిలినప్పుడల్లా ఎదురు లాగుతుంది. ఆ లాగుడుతోనే అది కోరుకున్న చెట్టు దగ్గరికి మీరు దాన్ని తీసుకువెళితే, లాగడం పనిచేస్తుందని మీరే నేర్పినవారవుతారు.

బయట నడిచేటప్పుడు లీష్ బిగుసుకున్న వెంటనే నిలబడిపోండి. అది వెనక్కు తిరిగి చూసినా, తాడు వదులైనా ముందుకు నడవండి. మొదటి రోజు ఇరవై అడుగులకు పది నిమిషాలు పట్టవచ్చు. అందుకని ఆఫీసుకు ఆలస్యమవుతున్న ఉదయాన ఈ పాఠం మొదలుపెట్టవద్దు. సమయం లేని రోజున హార్నెస్ (ఛాతీకి తొడిగే పట్టీ) వేసి మామూలుగా నడిపించి, పాఠానికి మాత్రం మెడపట్టీ వాడండి. రెండింటికీ వేర్వేరు నియమాలున్నాయని కుక్క సులభంగా గ్రహిస్తుంది.

ఆరవ మెట్టు: "ఊహూ", "వద్దు", దిద్దుబాటు

ప్రవర్తన పర్యవసానాలను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ నాలుగు రకాలుగా విడదీశాడు. ఇష్టమైనది ఇస్తే పని పెరుగుతుంది, ఇష్టం లేనిది తీసేసినా పని పెరుగుతుంది. ఇష్టం లేనిది కలిపితే పని తగ్గుతుంది, ఇష్టమైనది తీసేసినా తగ్గుతుంది. సమతుల్య శిక్షకుడు నాలుగూ తన చేతిలో ఉన్నాయంటాడు. ఏది ఎంత వాడతాడన్న దగ్గరే మంచి శిక్షకుడికీ చెడ్డ శిక్షకుడికీ తేడా తెలుస్తుంది.

"ఊహూ" శిక్ష కాదు, సమాచారం మాత్రమే. "ఆగు" అన్న తరువాత కుక్క లేచిందనుకోండి. మామూలు స్వరంతో "ఊహూ" అని, తాయిలం ఇవ్వకుండా, దాన్ని మళ్ళీ ముందున్న చోటికి తెచ్చి మరింత తక్కువ సమయానికి ఆపండి. "వద్దు" అంటే ఆ పనిలో ఇక లాభం లేదని. మీదికి ఎగిరే కుక్కకు వెన్ను చూపి గదిలోనుంచి ముప్పై సెకన్లు వెళ్ళిపోవడం, ఆటలో పళ్ళు గట్టిగా తగిలిస్తే ఆట అక్కడితో ముగించడం, చెత్తబుట్ట వైపు వెళుతున్న కుక్కకు మీ శరీరాన్ని అడ్డుపెట్టి నిలబడడం ఇంటి కుక్క విషయంలో దాదాపు అన్ని సందర్భాలకూ సరిపోయే దిద్దుబాట్లు.

దిద్దుబాటుకు ముందు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని దీనికి ఇదే పరిసరంలో, ఇదే సందడిలో నిజంగా వచ్చా? ఇప్పుడు అది భయంలోనో నొప్పిలోనో లేదు కదా? బదులుగా ఏం చేయాలో దానికి తెలుసా? మూడింటిలో ఒక్కదానికి జవాబు అనుమానంగా ఉన్నా దిద్దుబాటు మాని, పాఠాన్ని సులభం చేయండి. నాలుగు నెలలు నిండని కుక్కపిల్లల విషయంలో అసలు ఈ ప్రశ్నల దాకా వెళ్ళకండి. సుమారు మూడు నుంచి పద్నాలుగు వారాల వయసులో లోకంలో ఏది సురక్షితం, ఏది కాదు అన్న అభిప్రాయం వాటి మనసులో స్థిరపడుతుంది.

దిద్దుబాటు చేసిన తరువాత ఒక్క క్షణమైనా తాత్సారం చేయకుండా, సరైన పనికి దారి చూపి, అది చేయగానే "భేష్" అనాలి. అలక పెట్టుకునే యజమాని దగ్గర కుక్క తప్పు ఏమిటో నేర్చుకోదు. ఒకే దిద్దుబాటు మూడుసార్లు చేసినా మార్పు రాకపోతే లోపం దిద్దుబాటు తీవ్రతలో కాక, పాఠంలో ఉందని గ్రహించండి.

కుక్కను వెల్లకిలా పడదోసి అదిమిపట్టే అలవాటు తోడేళ్ళ గురించిన పాత ఊహల నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బోనులో ఒక చోట చేర్చిన తోడేళ్ళను చూసి పెత్తనం కోసం జరిగే పోరును వర్ణించాడు. ఆ భావనను వ్యాప్తిలోకి తెచ్చినవారిలో ఒకరైన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ళ గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలతో కూడిన కుటుంబమేనని 1999లో వివరించాడు. పడదోయడం వల్ల మీకు దొరకగలిగేది నాయకత్వం కాదు, ముఖం మీద కాటు.

షాక్ కాలర్, ముళ్ళ కాలర్ల గురించి సమతుల్య శిక్షకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. వేల్స్ 2010లోనే షాక్ కాలర్లను నిషేధించింది. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో అన్ని కుక్కలకూ ప్రతిఫలం మీద ఆధారపడిన పద్ధతులనే సిఫారసు చేసింది. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో, దండన మీద ఎక్కువగా ఆధారపడే శిక్షణ బడులకు చెందిన కుక్కల్లో ఒత్తిడి చిహ్నాలు, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను స్థాయి ఎక్కువగా కనిపించాయి. సమతుల్య శిక్షణ పేరు చెప్పుకునే నేను కూడా ఇంటి యజమాని చేతికి ఈ పరికరాలు ఇవ్వకూడదనే అంటాను. ఒక సెకను ఆలస్యమైన తాయిలం వృథా అవుతుంది, అంతే. ఒక సెకను ఆలస్యమైన నొప్పి ఆ క్షణంలో ఎదురుగా ఉన్న పసిపిల్లకో, ఇంకో కుక్కకో అంటుకుంటుంది.

ఏడవ మెట్టు: కష్టాన్ని ఒక్కొక్కటిగా పెంచడం

దూరం, వ్యవధి, సందడి అనే మూడింటిలో ఒక్కసారికి ఒక్కదాన్నే పెంచండి. "ఆగు" అని పది అడుగుల దూరం వెళ్ళదలచుకుంటే వ్యవధిని రెండు సెకన్లకు తగ్గించాలి. వీధి గుమ్మం దగ్గర సాధన చేయదలచుకుంటే దూరాన్ని ఒక అడుగుకు కుదించాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు గెలిస్తే ఒక మెట్టు ఎక్కండి, అయిదు కంటే తక్కువైతే ఒక మెట్టు దిగండి. వంటగదిలో వచ్చిన "కూర్చో" వీధిలో రాకపోవడం మొండితనం కాదు. కుక్కకు అది దాదాపు కొత్త పాఠం.

పని స్థిరపడ్డాక ప్రతిసారీ తాయిలం ఇవ్వకుండా, ఎప్పుడు వస్తుందో తెలియనట్టు అప్పుడప్పుడు ఇవ్వండి. అలా వచ్చే ప్రతిఫలం అలవాటును గట్టిపరుస్తుంది. ఇదే సూత్రం మీకు వ్యతిరేకంగానూ పనిచేస్తుంది. భోజనాల బల్ల దగ్గర అడుక్కునే కుక్కకు వారంలో ఆరు రోజులు పెట్టకుండా ఏడో రోజు జాలిపడి ఒక ముక్క వేస్తే, అడుక్కోవడాన్ని మీరు అన్నిటికంటే గట్టి పద్ధతిలో నేర్పినట్టే. పెట్టడం పూర్తిగా మానేసినప్పుడు మొదట కొన్నాళ్ళు మొరగడం, గోకడం ఇంకా ఎక్కువవుతాయి. ఆ ఉద్ధృతిలో లొంగిపోతే, ఈసారి అంత గట్టిగా మొరిగితేనే పని జరుగుతుందని నేర్చుకుంటుంది.

పిలుపుకు మాత్రం ఈ పొదుపు వర్తించదు. "దగ్గరికి" అంటే వచ్చిన ప్రతిసారీ మంచిదే దొరకాలి. స్నానానికో, మందు వేయడానికో, ఆట ముగించడానికో ఆ మాటతో పిలవకండి. మీరే వెళ్ళి తీసుకురండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, దారిలో ఏం చేసి వచ్చినా, వచ్చిన కుక్కను తిట్టకూడదు. ఆ తిట్టు పారిపోయినందుకు కాదు, వచ్చినందుకు పడినట్టు దానికి తోస్తుంది.

భయం, కోపం ఉన్న చోట

ఇంకో కుక్కను చూడగానే ఎగిరి మొరిగే కుక్క చాలాసార్లు భయపడుతున్నది. దాన్ని లీష్‌తో కుదిపితే మొరగడం ఆ పూటకు ఆగవచ్చు గాని, ఎదుటి కుక్క కనబడినప్పుడల్లా మెడకు నొప్పి వస్తున్నదన్న లెక్క మనసులో చేరుతుంది. అవతలి కుక్కను చూసినా ఇంకా తాయిలం తినగలిగినంత దూరాన్ని వెతకండి. అది యాభై అడుగులు కావచ్చు, వంద కావచ్చు. అంత దూరంలో కుక్క కనబడడం, మంచి తాయిలాలు రావడం, అది వెళ్ళిపోతే తాయిలాలు ఆగిపోవడం జరగాలి. కొన్ని వారాల మీద ఆ దూరాన్ని తగ్గించుకుంటూ రండి. తాయిలం తిననని తల తిప్పుకుంటే దగ్గరికి వచ్చేశారని అర్థం.

ఇన్నాళ్ళూ బాగున్న కుక్క ఉన్నట్టుండి గుర్రుమంటున్నా, ముట్టుకోనివ్వకపోయినా, ఇంట్లో మూత్రం పోస్తున్నా శిక్షణ ఆపి ముందు పశువైద్యుడికి చూపించండి. కీళ్ళ నొప్పి, చెవిలో పుండు, పంటి బాధ, వయసుతో వచ్చే చెవుడు ఇవన్నీ పైకి అవిధేయతలాగానే కనిపిస్తాయి. కరిచిన కుక్క విషయంలో ఇంటి ప్రయోగాలు వద్దు. పశువైద్యుడి సలహాతో అనుభవమున్న శిక్షకుడిని వెతకండి.

శిక్షకుడిని నిర్ణయించుకునే ముందు, కుక్క సరిగ్గా చేసినప్పుడు ఏమిస్తారు, తప్పు చేసినప్పుడు సరిగ్గా ఏం చేస్తారు, ఆ రెండోది పనిచేయకపోతే తరువాత ఏం చేస్తారు అని అడిగి, జవాబులు స్పష్టమైన మాటల్లో చెప్పించుకోండి. "శక్తి", "పెత్తనం", "గౌరవం" వంటి పదాలతో జవాబు దాటవేస్తే మళ్ళీ అడగండి. మొదటి విడత అంతా మీరు పక్కనే ఉండి చూడండి. ఆయన తాయిలాల సంచీ ఎంతసేపు మూసి ఉన్నదో, మీ కుక్క తోక ఎక్కడ ఉన్నదో, మొదటి వారంలో రాసుకున్న సంకేతాల్లో ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. మీరుంటే కుక్క నేర్చుకోదు, వదిలి వెళ్ళండి అన్నారంటే లీష్ తీసుకుని ఇంటికి వచ్చేయండి.